చించేసిన ప్రూఫు

జాబితాలో ఉన్నవి నాలుగు వందల పన్నెండు పుస్తకాలు. కోర్టు మూసేసింది మొత్తం సైటుని. ఇది అన్యాయం. ఇందులో రెండో మాటకు తావు లేదు.

ఆ సంగతి ప్రూఫ్‌రీడర్‌కు సోమవారం పొద్దున గడ్డం గీసుకోబోతుండగా తెలిసింది. రోజూ అదే వేళకు అద్దం కింది గూట్లో ఫోను నిలబెట్టి, చెంపలకు నురగ పట్టించి, ఆ సైటు తెరిచి, భార్య చదివి రికార్డు చేసిన పుస్తకాల్లోంచి ఒక అధ్యాయం పెట్టుకుంటాడు. ఆవిడ పోయి పద్నాలుగు నెలలు. ఈ పద్నాలుగు నెలల్లో ఆవిడ గొంతు మొదలవకుండా అతని చెంప మీద బ్లేడు ఆనలేదు.

ఆ పొద్దున తెర మీద తెల్లటి పేజీ వచ్చింది. మధ్యలో ఒకే ఒక వాక్యం: ‘న్యాయస్థానం ఉత్తర్వు మేరకు ఈ చిరునామా నిలిపివేయబడినది’. వాక్యం చివర చుక్క లేదన్నది ముందు కంటికి ఆనింది. వాక్యం చెబుతున్నదేమిటో ఆ తరవాత బుర్రకెక్కింది.

నురగ ఎండి చర్మం బిగుసుకునేదాకా ఫోను నొక్కుతూ నిలబడ్డాడు. తరవాత మొహం తడుపుకుని నిశ్శబ్దంలోనే గీసుకున్నాడు. రెండు చోట్ల తెగింది.

పుస్తకాల ప్రచురణ సంస్థలో అతనిది ఇరవై తొమ్మిదేళ్ళ నౌకరీ. వెనకాల అందరూ అతన్ని ఎర్రకలం అంటారు. ఆ సంగతి అతనికి తెలుసు. తెలిసినట్టు కనబడడు. గుమ్మం పక్కన చిన్న అద్దాల గదిలో టెలిఫోన్ ఆపరేటరు కూర్చుంటుంది. పుట్టుకతోనే చూపు లేని మనిషి, నలభై దాటింది, నోటికి అడ్డూ ఆపూ లేదు.

“ఈవేళ చెప్పులు ఈడుస్తున్నారేంటి సార్?” అంది అతను గుమ్మంలో అడుగుపెట్టగానే. “రోజూ మీ అడుగుల చప్పుడు వినగానే అందరూ కామాలు సర్దుకుంటారు. ఇవాళ ఎవరూ భయపడరు.”

అతను హాజరు పుస్తకంలో సంతకం పెట్టాడు.

“పొద్దుట్నించి పదిహేడు ఫోన్లొచ్చాయి. అన్నీ మావాళ్ళవే.” ఆమె మావాళ్ళంటే చూపు లేనివాళ్ళు. అతని భార్య పుస్తకాలు చదివింది వాళ్ళ కోసం.

“ఏమంటారు?”

“ఏమంటారు? అక్క ఏదీ అంటారు. నిన్న రాత్రి దాకా ఉంది, పొద్దున్నే ఎక్కడికెళ్ళిందీ అంటారు.” ఆమె చెవి మీది యంత్రం తీసి మెడలో వేసుకుంది. “జాబితా రాసింది మీరేగా సార్?”

“ఆవిడవి రాయలేదు. ముప్ఫై ఒకటీ వదిలేశాను.”

“వదిలేస్తే పోయాయేం?”

దానికి జవాబు ఉండాల్సిన గదికి మెట్లెక్కి వెళ్ళాడు.

యజమాని అతనికంటే ఇరవై ఏళ్ళు చిన్నవాడు. బల్ల మీద మిఠాయి డబ్బా తెరిచి ఉంది.

“రండి పెద్దాయనా, తీసుకోండి. ఇదంతా మీ చలవే. అందర్నీ రాయమన్నాను. మిగతా మహానుభావులు తలా పాతిక రాసి చేతులు దులుపుకున్నారు. మన పుస్తకాలు ఆ దొంగల దగ్గర ఎన్నున్నాయో, ఏది ఏ పేజీలో ఉందో, ఎవడు ఏ తారీకున పెట్టాడో మీరొక్కరే రాశారు. జడ్జి కూడా మెచ్చుకున్నాడట.”

“నేను రాసింది నాలుగు వందల పన్నెండు.”

“అవును.”

“ఆ నాలుగు వందల పన్నెండూ తీసేయిస్తామన్నారు.”

“తీసేయించాం కదా.”

“మొత్తం మూసేశారు.”

“మంచిదేగా? నాలుగు కాయలు కోయమంటే చెట్టే కొట్టేశారు.” యజమాని నవ్వి, అతని చెంప మీద గాట్లు చూసి నవ్వాపాడు. “చట్టం సంగతి నాకేం తెలుసండీ. వకీలుగారున్నారు, వెళ్ళి అడగండి. రేపు మధ్యాహ్నం సెలవు పెట్టుకోండి, నేనేమీ అనను.”

మిఠాయి ముక్క చేతిలో పట్టుకుని కిందికి దిగాడు. దాన్ని ఆపరేటరు బల్ల మీద పెట్టాడు. ఆమె వాసన చూసి, వేలితో పక్కకు తోసింది.

సాయంత్రం ఇంటికెళ్ళి సొరుగులన్నీ దులిపాడు. రికార్డరు దొరికింది. అరచేతిలో పట్టేంత నల్లటి డబ్బా. దాంట్లో ఏమీ లేదు. దాంట్లో ఏమీ లేదని వెతకకముందే తెలుసు.

అతని పనిలో ఒక పద్ధతి ఉంది. పుస్తకానికి మూడు ప్రూఫులు వస్తాయి. చివరిదాని మీద సంతకం పెట్టి అచ్చుకు పంపిన రోజే ముందు రెంటినీ నిలువునా చించి బుట్టలో వెయ్యాలి. వెయ్యకపోతే ఏ తొందరలోనో ఎవడో తప్పుల ప్రూఫు పట్టుకుపోయి అదే అచ్చు వేస్తాడు. కుర్రతనంలో ఒకసారి అలా జరిగింది. రెండువేల ప్రతులు తూకానికి పోయాయి. ఆనాటి నుంచి అతను చించకుండా ఇంటికి పోయింది లేదు.

భార్య చదువులకూ అదే పద్ధతి పెట్టాడు. సంస్థ గోదాములో దుమ్ము కొట్టుకుంటున్న పాత పుస్తకాలు, ఇరవై ఏళ్ళుగా ఎవరూ తిరిగి అచ్చు వెయ్యనివి, ఒక్కొక్కటే సంచీలో ఇంటికి తెచ్చేవాడు. సాయంత్రాలు వంటింటి తలుపుకి దుప్పటి కట్టి, కిటికీ మూసి, ఫ్రిజ్ గొణుగుతుందని దాని తీగ పీకేసేవాళ్ళు. ఆవిడ చదివేది. అతను ఎదురుగా కూర్చుని రెండో ప్రతిలో వేలుపెట్టి అక్షరం అక్షరం పోల్చేవాడు. తప్పు దొర్లితే ఆవిడే చెంచాతో బల్ల మీద ఒక దెబ్బ కొట్టి వాక్యం మొదటికి వెళ్ళేది. తరవాత అతను కంప్యూటరు ముందు కూర్చుని, చెంచా చప్పుడు ఉన్న ప్రతిచోటా తప్పుని కోసేసి, అతుకు తెలియకుండా కలిపేవాడు. శుద్ధప్రతి సైటుకి ఎక్కించిన సాయంత్రమే రికార్డరు తుడిచేసేవాడు. కంప్యూటరులోదీ తుడిచేసేవాడు.

“ఒకటి మన దగ్గరుంచుకోకూడదా?” అంది ఆవిడ ఒకసారి.

“ఎందుకు? అక్కడుందిగా.”

“ఉందనుకోండి. మన దగ్గరా ఉంటే ఏం పోయింది?”

“రెండు ప్రతులుంటే తప్పు ఏదో ఒకదాంట్లో బతికే ఉంటుంది.”

ఫ్రిజ్ తీగ పెట్టడం ఇద్దరమూ మరిచిపోయామని, పాలు విరిగాయని మర్నాడు పొద్దున అంది.

వకీలు గది మూడో అంతస్తులో ఉంది. మంగళవారం మధ్యాహ్నం అతను వెళ్ళేసరికి వకీలు కళ్ళజోడు వెతుక్కుంటున్నాడు. కాగితాల కట్టల కింద, సొరుగుల్లో, చివరికి కిటికీ గట్టు మీద వెతికాడు. అది వకీలు జేబులోనే ఉంది. ప్రూఫ్‌రీడర్ చూపించాడు.

“మీ కన్నే కన్ను మాస్టారూ,” అన్నాడు వకీలు. “కూర్చోండి. ఏంటి సంగతి?”

“మీరు మోసం చేశారు.”

వకీలు కళ్ళజోడు తుడవడం ఆపలేదు. ఇలాంటి మాటలు అతనికి టీ తాగినంత మామూలు. “ఎవర్ని?”

“నన్ను. నేను జాబితా ఇచ్చాను. జాబితాలో లేనివి మూసేయించారు. ఆ సైటులో లక్షల ఫైళ్ళున్నాయి. ఎవరి పెళ్ళి ఫొటోలో, ఎవరి పాఠాలో. అవన్నీ ఎవరి నుంచి దొంగిలించారు?”

“జాబితా ఒక్కటీ చూస్తే జడ్జి ఆ నాలుగు వందలే తీసేయమనేవాడు. నిజం. కానీ సాక్షి అఫిడవిట్టు కూడా ఉంది కదా.”

“ఏ సాక్షి?”

వకీలు లేచి అలమరలోంచి ఒక కట్ట తీశాడు. తాడు విప్పాడు. రెండు పేజీలు తీసి బల్ల మీద అతని వైపు తిప్పి పెట్టాడు.

అది చిత్తుప్రతి. దాని నిండా ఎర్ర గీతలు. ఆ గీతలు అతనివే. మూడు నెలల కిందట యజమాని గదిలో నిలబడే దిద్దిన కాగితం. మొదటి పేజీలో ఐదు తప్పులు, రెండో పేజీలో ఏడు. దిద్దించి శుద్ధప్రతి తెప్పించి సంతకం పెట్టాడు. రెండో పేజీలో మూడో పేరా దగ్గర వకీలు వేలు ఆనించాడు.

‘పైన తెలిపిన సైటును నేను పదకొండు దినములపాటు పూర్తిగా పరిశీలించితిని. అందు దొంగసొత్తు తప్ప మరియొకటి నా కంటబడలేదు.’

ఆ వాక్యంలోనే రెండు ఎర్ర గుర్తులున్నాయి. ఒకచోట వదిలిపోయిన అక్షరం అతనే రాసి చేర్చాడు. ఇంకోచోట చుక్క పెట్టాడు.

“జడ్జి దీన్నే చదివి వినిపించాడు,” అన్నాడు వకీలు. “ఏ పాపమూ ఎరగని మనిషి, పదకొండు రోజులు కూర్చుని చూసిన మనిషి, అంతా దొంగసొత్తేనని ప్రమాణం చేసి చెబుతున్నాడు, ఇక ఉంచడం దేనికీ అన్నాడు.”

ప్రూఫ్‌రీడర్ ఆ వాక్యాన్ని చదివాడు. ఆ వాక్యాన్ని అతను చదవడం అదే మొదటిసారి. మూడు నెలల కిందట చూసింది అక్షరాలని.

“ఇది నిజం కాదు,” అన్నాడు.

“సంతకం మీది కాదా?”

“సంతకం నాదే. మాట నిజం కాదు. నా భార్య చదివిన పుస్తకాలు ముప్ఫై ఒకటి అక్కడున్నాయి. చూపు లేనివాళ్ళ కోసం చదివింది. ఒక్క పైసా తీసుకోలేదు.”

“ఎవరి పుస్తకాలు?”

అతను మాట్లాడలేదు.

“మన సంస్థవేనా?”

“అచ్చులో లేనివి.”

“హక్కు ఉన్నంతకాలం అచ్చులో ఉన్నా లేకపోయినా ఒకటే మాస్టారూ.” వకీలు కాగితాలు తిరిగి కట్టలో పెట్టి ముడి వేశాడు. “వెళ్ళి చెప్పండి, మిమ్మల్నెవరాపారు? చెబితే నాలుగు వందల పన్నెండు కాస్తా నాలుగు వందల నలభై మూడవుతుంది. ఆవిడగారి పేరు కూడా ఎక్కుతుంది. పైగా తెలిసి వదిలేశారు కాబట్టి మీరు అబద్ధపు ప్రమాణం చేసినట్టు. పోయినావిడని ఎందుకండీ కోర్టుకి లాగడం?”

మెట్లు దిగుతూ రోజులు లెక్కపెట్టుకున్నాడు. పదకొండు రోజులు. ఆ పదకొండు రోజుల్లో రోజుకొకసారైనా ఆవిడ పేరు తెర మీద కనబడింది. కనబడ్డప్పుడల్లా వేలు ఆగింది. ఆగి, తరవాతి వరసకు పోయింది. జన్మలో అతను చూసి వదిలేసిన తప్పులు అవి ముప్ఫై ఒకటే. అవి తప్పులని అతనికి అప్పుడూ తెలుసు.

బుధవారం భోజనాల వేళ ఆపరేటరు గదిలోకి వెళ్ళాడు. ఆమె ఒక చేత్తో తింటూ రెండో చేత్తో తీగలు సర్దుతోంది.

“మీవాళ్ళలో ఎవరి దగ్గరైనా ఉన్నాయా?” అన్నాడు.

“ఏంటి సార్?”

“ఆవిడవి.”

“ఊరంతా అడిగాను. అందరిదీ ఒకటే పాట. అక్కడే ఉందిలే, ఎప్పుడు కావాలంటే అప్పుడు వినొచ్చులే అనుకున్నాం. మా ఫోన్లలో అంత చోటెక్కడిది? రెండు రోజులు దొడ్డిదారిన వెళ్ళి చూశారు కుర్రాళ్ళు. నిన్నటితో అదీ పోయింది. నడిపేవాళ్ళే భయపడి యంత్రాలు కట్టేసి ఎటో పోయారట.” ఆమె చేయి కడుక్కుని తుడుచుకుంది. “మీ దగ్గర లేవా?”

“తుడిచేశాను.”

“అన్నీనా?”

“అన్నీ.”

ఆమె బల్ల సొరుగులోంచి తన సొంత ఫోను తీసింది.

“నా దగ్గర ఒకటుంది. మీకు ఇష్టం ఉండదు.”

“ఏది?”

“చివరి పుస్తకంలో చివరి అధ్యాయం.”

“అది సైటుకి ఎక్కలేదు. తప్పులున్నాయని నేను ఎక్కించకుండానే తుడిచేశాను.”

“ఎక్కలేదనే అక్క నాకు పంపింది. ఆసుపత్రికి వెళ్ళే ముందురోజు. మీరు తుడవకముందు.”

తలుపు మూయమంది. అతను మూశాడు. బయట యంత్రాల చప్పుడు ఆగి ఉంది, అందరూ తింటున్నారు. ఆమె వేలు తెర మీద రెండుసార్లు జారి ఆగింది.

గొంతు వచ్చింది. గడ్డం గీసుకునేటప్పుడు వినే గొంతు కాదు. పల్చబడి, వాక్యానికి రెండు చోట్ల తెగుతున్న గొంతు.

‘ఆమె తలుపు తెరిచేసరికి వాన వెలిసింది...’

‘తీసేసరికి.’ ఇది అతని గొంతు. ‘తెరిచేసరికి అని లేదు. మళ్ళీ.’

చెంచా దెబ్బ.

‘ఆమె తలుపు తీసేసరికి... వాన...’

‘మధ్యలో ఆగావు. మళ్ళీ.’

చెంచా దెబ్బ.

‘ఊపిరి అందట్లేదండీ.’

‘అందుకునే చదువు. తొందరేం లేదు. మళ్ళీ.’

తన గొంతు ఇంత దగ్గరగా, ఇంత పొడిగా ఉంటుందని అతను ఎప్పుడూ వినలేదు. ముప్ఫై ఒక్క పుస్తకాల్లోనూ మొదట కోసేసింది తన గొంతునే. ఆపరేటరు తల వంచుకుని ఉంది. ఆమెకి ఇది కంఠతా వచ్చని ఆమె పెదవులు చెబుతున్నాయి. ప్రతి ‘మళ్ళీ’కీ అర క్షణం ముందే అవి బిగుసుకుంటున్నాయి.

పదకొండు దెబ్బలు లెక్కపెట్టాడు. పదకొండో దెబ్బ తరవాత కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడు వచ్చింది.

‘ఇవాళ్టికి చాలు. ఇది పనికిరాదు. రేపు మొదట్నించీ చేద్దాం.’

అడుగులు. దుప్పటి తొలిగిన చప్పుడు. చాలాసేపు ఊపిరి ఒక్కటే. తరవాత ఆవిడ, గొంతు తగ్గించి:

‘వెళ్ళారు. అమ్మాయ్, వింటున్నావా? దీన్ని ఆయన పైకి పంపరు. రేపు మొదట్నించీ అంటున్నారు. రేపు నేను చదవగలనని నాకు నమ్మకం లేదు. కథ చివర తెలియకుండా నువ్వెన్నాళ్ళు కూర్చుంటావు? ఇలాగే విను. మధ్యలో చప్పుళ్ళొస్తాయి, సర్దుకో. ఇంకొక్క పేజీయే ఉంది.’

ఆ పేజీ చదివింది. నాలుగుచోట్ల తప్పు దొర్లింది. ఒకచోట ఒక వరస మొత్తం దాటేసింది. చెంచా మోగలేదు. ఎవరూ ‘మళ్ళీ’ అనలేదు. ఆఖరి వాక్యం అయ్యాక, ‘అంతే, అయిపోయింది,’ అంది. ‘ఫ్రిజ్ పెట్టాలి, లేకపోతే పాలు విరుగుతాయి.’

టక్కుమంది. సన్నగా ఫ్రిజ్ గొణుగుడు మొదలైంది. కొంచెంసేపు అదే వినబడి ఆగిపోయింది.

ఆపరేటరు ఫోను పట్టుకుని కూర్చుంది. తొందరపెట్టలేదు.

“మావాళ్ళకి వినిపించాను,” అంది చివరికి. “మధ్యలో ఆ మగాయన ఎవరని అడిగారు. జైలు వార్డరేమో అన్నాడొకాయన.”

“నువ్వేమన్నావు?”

“ఇంటాయన అన్నాను. దానికంటే వార్డరే నయం అన్నారు.”

బయట భోజనాలయ్యాయి. ఎవరో యంత్రం ఆన్ చేశారు. నేల కొద్దిగా వణికింది.

“సార్, మా సంఘం కోర్టుకెళ్తోంది. అంతా దొంగసొత్తు కాదు, మాకు పనికొచ్చేవి అందులో ఉన్నాయి, వాటికి దారి వదలండి అని. శుక్రవారం కాగితాలివ్వాలి. చూసినవాడు ఒకడు చెప్పాలి. మేం చూశామంటే నవ్వుతారు.”

“చెబితే ఆవిడ దొంగ అవుతుంది.”

“అక్క దొంగే కదా సార్. మోసుకెళ్ళి ఇచ్చింది మీరు. ఆవిడ ఉంటే కాదనేదా?”

“రెండేళ్ళలో పింఛను.”

“అది మీ ఇష్టం. నేను అడిగాను, అంతే.” ఆమె యంత్రం తీసి చెవికి పెట్టుకుంది. “ఫైలు మాత్రం మీరు చెప్పినా చెప్పకపోయినా ఇస్తాను. ఒక్కటే షరతు. కోయకూడదు.”

శుక్రవారం పొద్దున అతను సంఘం ఆఫీసుకి వెళ్ళాడు. ఒకే గది, పొడవాటి బెంచీ, లైటు వేసే అలవాటు లేని మనుషులు. అతను వెళ్ళాక ఒకాయన లేచి, తడుముకుంటూ అతని కోసం లైటు వేశాడు. చెప్పింది ఫోనులో రికార్డు చేసి, విని టైపు చేస్తామన్నారు. అతను మొదలుపెట్టాడు. రెండో వాక్యం దగ్గర తడబడ్డాడు. మూడో దాంట్లో తారీకు తప్పు చెప్పాడు. అలవాటుగా నోరు ‘మళ్ళీ’ అనే మాట కోసం తెరుచుకుంది. దాన్ని మింగి, తారీకు సరిగ్గా చెప్పి ముందుకు పోయాడు.

అఫిడవిట్టులో తన మాట అబద్ధమన్నాడు. ముప్ఫై ఒకటి చూసి, ఎవరివో తెలిసి, వదిలేశానన్నాడు. చదివినావిడ తన భార్య అన్నాడు. పుస్తకాలు గోదాములోంచి తెచ్చిచ్చింది తానేనన్నాడు. టైపు చేసిన కాగితంలో తొమ్మిది అచ్చుతప్పులున్నాయి. ఎర్రకలం జేబులోనే ఉంది. ఈసారి ప్రతి వాక్యమూ ఏం చెబుతోందో చూసుకుంటూ రెండుసార్లు చదివాడు. సంతకం పెట్టాడు.

కోర్టు ఆ కాగితాన్ని తీసుకుని కేసుని నాలుగు నెలలకు వాయిదా వేసింది. సైటు తెరుచుకోలేదు. జాబితా మాత్రం నాలుగు వందల నలభై మూడయింది. వకీలు మాట తప్పే మనిషి కాదు.

తరవాతి బుధవారం యజమాని పిలిచాడు. ఈసారి కూర్చోమనలేదు.

“ఎందుకు చేశారండీ ఇలా? ఇంట్లో మనిషిలా చూసుకున్నాం. నాతో ఒక్క మాట చెబితే, ఎవరికీ తెలియకుండా ఆవిడవి ఎలాగో చూసేవాళ్ళం కదా. ఏం సాధించారు?”

యజమాని బల్ల మీద కాగితం జరిపాడు. ఉద్యోగంలోంచి తీసేసిన ఉత్తర్వు. మూడో వరసలో ఒక తప్పుంది. చూశాడు. వదిలేశాడు.

కిందికొచ్చి బల్ల ఖాళీ చేశాడు. టీ గ్లాసు, కళ్ళజోడు పెట్టె, రెండు కలాలు. మెట్ల దగ్గర బైండింగు మేస్త్రీ అడ్డం పడ్డాడు. ఇద్దరూ ఒకే ఏడాది చేరినవాళ్ళు.

“అన్నా, అసలేం జరిగింది? ఒకడొకటంటాడు, ఇంకొకడొకటంటాడు. నువ్వు చెప్పు.”

“చెప్పాల్సింది కాగితంలో చెప్పాను.”

“వదినమ్మ పేరు కూడా కోర్టుకెక్కిందంటున్నారు, నిజమేనా?”

“దీని గురించి ఇక నేను మాట్లాడను.”

“నాతోనా?”

“ఎవరితోనూ.”

ఆపరేటరు అతని అడుగులు విని తల ఎత్తింది. ఆమె కూడా ఏదో అడగబోయి మానుకుంది. అతను ఆగకుండా గుమ్మం దాటాడు.

ఇప్పుడూ పొద్దున్నే అద్దం కింద ఫోను నిలబెడతాడు. వినడానికి ఒకటే ఉంది, ఇరవై రెండు నిమిషాలు. పదకొండుసార్లు బ్లేడు చెంప మీద ఆగుతుంది. ఫ్రిజ్ గొణుగుడు కూడా అయిపోయాక మొహం కడుక్కుంటాడు. మరిది ఎలా ఉన్నాడో చూద్దామని వచ్చిన వదినగారు, అంటే భార్య సొంత అక్క, ఒకనాడు తలుపవతల నిలబడి అంతా విని, అతను బయటికి రాగానే, “ఏంటి మరిదీ అది? దాన్ని అలా చదివించావా?” అని అడిగింది.

అతను తువ్వాలు తీగ మీద ఆరేసి, లోపలికి వెళ్ళి టీ పెట్టాడు. ఆమె ఆ రోజంతా ఉంది. ఇంకో రెండుసార్లు అడిగింది. అతను దాని గురించి మాట్లాడలేదు.